నుడియు నడతయు: లక్కమ్మ నేర్పిన పాఠము

కులభేదము కూడదని పలుకుట సులభము. చదువుకొన్నవానికి మరింత సులభము. మాటలే అతని పనిముట్లు. సమత్వమును గూర్చి చక్కగా ప్రసంగించినవానికి శాలువ లభించును, మరుసటి సభలో ముందు వరుస లభించును. ఎవరి కష్టమును గూర్చి ప్రసంగించెనో వారు మాత్రము సభ ముగిసిన పిదప కుర్చీలు సర్దుచుందురు.

12వ శతాబ్దమున బసవేశ్వరుడును విద్యావంతుడే. బిజ్జలుని కొలువున ఉన్నత పదవియందున్నవాడే. బ్రాహ్మణ కుటుంబమున జన్మించియు, తాను మాదార చెన్నయ్య, డోహర కక్కయ్యల ఇంటి సేవకుల సంతానమని చెప్పుకొనెను. చెప్పులు కుట్టు హరళయ్య కుమారునికిని, బ్రాహ్మణుడైన మధువరసుని కుమార్తెకును వివాహము జరిగెను. అందులకై ఆ తండ్రులిద్దరికిని మరణదండన పడినదనియు, బసవేశ్వరుడు కల్యాణమును విడిచి కూడలసంగమమునకు వెడలెననియు పరంపరగా చెప్పుదురు. ఆ నుడి పీఠమును తెచ్చిపెట్టలేదు. ఉన్న పీఠమును విడిపించినది.

నేడు బసవ జయంతినాడు హరళయ్యను కీర్తించిన నోరే, ఇంట సంబంధము కుదుర్చునప్పుడు ముందుగా కులమడిగినచో, ఆ కీర్తన ఎవరి కొరకు?

ఆయ్దక్కి మారయ్య కాయకము, బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట. ఒకనాడు అతడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ మిగిలిన బియ్యమును తెచ్చిన చోటనే పోసి రమ్మనెను. గౌరవమును అట్టి బియ్యమే. కష్టపడినవానికి చెందవలసినది, అతనిని గూర్చి మాటలాడినవాని ఒడిలో చేరినచో తిరిగి పోయవలసినదే.

మార్కాపురం పలకరాతికి ప్రసిద్ధి. ఒకప్పుడు ఎందరో పిల్లలు ఆ పలకలపై అక్షరములు దిద్దిరి. రాతిని చీల్చి కోయునప్పుడు లేచు ధూళిని ఏండ్ల తరబడి పీల్చినవారికి ఊపిరితిత్తులను చెరచు సిలికోసిస్ వ్యాధి సోకవచ్చును. అనగా, విద్యావంతుని తొలి అక్షరము క్రింద ఒక కార్మికుని ఊపిరి కలదు. ఆ కార్మికుని వైద్య పరీక్షకు వెంటబెట్టుకొని పోవుట, అతని అర్జీని వ్రాసిపెట్టుట, పంక్తిలో అతని ప్రక్కన కూర్చుండుట, మఠపు సభలో తొలి మాట అతనికిచ్చుట, ఇవి శాలువలు రాని పనులు. కాయకమనగా ఇట్టిదే; దాని ఫలమును తనదనుకొనకుండుటయే దాసోహము.

విద్యావంతులు మౌనము వహింపవలెనని దీని భావము కాదు; బసవేశ్వరుడు మౌనము వహింపలేదు. పలికిన పిదప ప్రతి భక్తుడును తన్ను తాను రెండు ప్రశ్నలు అడుగవలెను: ఈ పలుకు వలన నాకేమి చేరినది? అందులో తిరిగి పోయవలసినదెంత?