తలుపు కింద సందు: ఏది మూయాలి, ఏది వదలాలి

ఉత్తర ఢిల్లీలోని ముఖర్జీ నగర్ సివిల్స్ పరీక్షలకు చదివేవారి పేట. గదుల్లో అద్దెదారులు మారుతుంటారు, నేల కూడా అప్పుడప్పుడు మారుతుంది. పాత మొజాయిక్ మీదే టైల్స్ అతికిస్తే నేల సెంటీమీటరుకు పైగా లేస్తుంది. తలుపు రాసుకుంటుంది కాబట్టి వడ్రంగి కింది అంచు కోస్తాడు. కొన్నేళ్లకు ఆ టైల్స్ తవ్వేసి పల్చటి వినైల్ పలకలు పరిస్తే నేల దిగుతుంది. కోసిన తలుపు మాత్రం తిరిగి పెరగదు. అలా 5 మిల్లీమీటర్లు ఉండాల్సిన సందు 20 మిల్లీమీటర్లవుతుంది.

పాత ఇళ్లలో ఈ సమస్య తక్కువ. తలుపు రెక్క గడపకు ఆనుకుని మూసుకునేది. గడపకు పసుపు రాసి బొట్లు పెట్టే ఇంట్లో అది గాలిని, దుమ్మును ఆపే పని కూడా చేస్తుండేది. ఫ్లాట్లలో లోపలి గదులకు గడపలు లేకుండా పోయాక ఆ పని చేసేది ఏదీ మిగల్లేదు.

చదువుకునేవారికి మొదట తెలిసేది శబ్దం. 90 సెంటీమీటర్ల వెడల్పు, 210 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న తలుపు కింద 20 మిల్లీమీటర్ల సందు ఉంటే, అది తలుపు వైశాల్యంలో ఒక శాతం కన్నా తక్కువే. కానీ తెరిచిన చోటు నుంచి శబ్దం దాదాపు అంతా దాటిపోతుంది. శబ్ద శక్తిలో నూరో వంతు లోపలికి వచ్చిందంటే తగ్గింపు 20 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతుంది. ఎంత ఖరీదైన టేకు తలుపు పెట్టినా ఆ సందు ఉన్నంతకాలం ఇంతే. సందును 2 మిల్లీమీటర్లకు తగ్గిస్తే ఈ హద్దు 30 డెసిబెల్స్‌కు పెరుగుతుంది.

అయితే మొత్తం మూసేయడమే మంచిదా? ఇక్కడ గాలి లెక్క కూడా చూడాలి.

తలుపుకు అటూ ఇటూ పీడనంలో ఒక పాస్కల్ తేడా ఉందనుకుందాం. అంటే నీటి మట్టంలో మిల్లీమీటరులో పదో వంతు ఒత్తిడి, అంతే. ఆ కాస్త తేడాకే 20 మిల్లీమీటర్ల సందు గుండా సెకనుకు సుమారు 14 లీటర్లు, గంటకు 50 ఘనమీటర్ల గాలి పోతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి మీటర్లున్న గదిలో గాలి మొత్తం గంటకు రెండుసార్లు మారినట్టు. కిటికీ సందుల్లాంటి రెండో దారి కూడా ఉంటేనే ఈ ప్రవాహం సాగుతుందన్నది గుర్తుంచుకోవాలి.

కూర్చుని చదివే ఒక మనిషి గంటకు దాదాపు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. బయటి గాలిలో అది పది లక్షల భాగాలకు 420 భాగాలు ఉంటుంది. ఇద్దరున్న గదిలోకి గంటకు 50 ఘనమీటర్ల గాలి వస్తే ఆ మోతాదు 1,100 దగ్గర నిలుస్తుంది. సందు నాలుగో వంతుకు తగ్గితే, ఇంకే దారీ లేకపోతే, చివరికి 3,300 దాకా వెళుతుంది. తల బరువెక్కడం, నిద్రమత్తు అక్కడ మొదలవుతాయి. శీతాకాలం ఢిల్లీ పొగమంచులోని సూక్ష్మ ధూళి కూడా ఈ సందులోంచే గాలితో పాటు వస్తుంది కాబట్టి ఎయిర్ ప్యూరిఫైయర్ ఉన్నవారు సందు మూస్తారు. అందులో తప్పు లేదు. కానీ ప్యూరిఫైయర్ ధూళిని పట్టుకుంటుంది గానీ కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించదు. మధ్యమధ్య కాసేపు కిటికీ తీయక తప్పదు.

స్నానాలగది తలుపు సంగతి పూర్తిగా వేరు. లోపల గ్యాస్ గీజర్ ఉంటే ఆ సందును మూయకూడదు. నిమిషానికి ఆరు లీటర్ల వేడినీళ్లిచ్చే గీజర్ పావుగంటలో దాదాపు పావుకిలో ఎల్‌పీజీ కాలుస్తుంది. అందుకు సుమారు 3 ఘనమీటర్ల గాలి కావాలి. చిన్న స్నానాలగదిలో ఉండే గాలే ఏడెనిమిది ఘనమీటర్లు. ప్రాణవాయువు తగ్గేకొద్దీ మంట సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. స్పృహ తప్పేదాకా మనిషికి తెలియకపోవచ్చు. నిజానికి సందు వదలడం కూడా రక్షణ అనిపించుకోదు. గీజర్‌ను గాలి ఆడే చోట, స్నానాలగది బయట బిగించాలి. చలికి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపు సందులో గుడ్డ కుక్కి పడుకోవడమూ ఇంతే ప్రమాదం.

మంటల వేళ మాత్రం ఇదే సందు మరోలా పనిచేస్తుంది. 2023 జూన్ 15న ముఖర్జీ నగర్‌లో కోచింగ్ కేంద్రం ఉన్న భవనంలో మంటలు రేగినప్పుడు విద్యార్థులు పై అంతస్తుల కిటికీల్లోంచి తాళ్లు, తీగలు పట్టుకుని దిగిన దృశ్యాలు దేశమంతా చూసింది. పొగ నిండిన మెట్లదారి పొగగొట్టంలా మారుతుంది. 12 మీటర్ల ఎత్తున్న మెట్లదారిలో గాలి 100 డిగ్రీలకు వేడెక్కితే, బయటి గాలితో పోలిస్తే కిందికీ పైకీ మధ్య పీడన తేడా దాదాపు 30 పాస్కల్స్ అవుతుంది. అందులో సగం ఒక తలుపు మీద పడినా సందులోంచి పోయే ప్రవాహం ఇందాకటి దానికి నాలుగు రెట్లు. బయటికి వెళ్లే దారి పొగతో మూసుకుపోతే తలుపు వేసి, కింద తడిగుడ్డ కుక్కి, కిటికీ దగ్గరికి వెళ్లమనేది ఇందుకే. రబ్బరు పట్టీ పొగను కొంత ఆలస్యం చేస్తుంది గానీ వేడికి మెత్తబడి కరిగిపోతుంది. దాన్ని అగ్నిమాపక తలుపుగా లెక్కేసుకోకూడదు.

ఇక మరమ్మతు. తలుపు మూసి ఒకసారి, సగం తీసి ఒకసారి, పూర్తిగా తీసి ఒకసారి కొలవాలి. నేల ఎక్కడో ఒకచోట ఎత్తుగా ఉంటుంది, అక్కడి కొలతే అసలు కొలత. సందు 10 మిల్లీమీటర్ల లోపైతే రబ్బరు అంచున్న అల్యూమినియం పట్టీని తలుపు గది వైపు ముఖానికి మరలతో బిగిస్తే చాలు. మరలకు యజమాని ఒప్పుకోకపోతే తలుపుకు అటూ ఇటూ ఒదిగే ఫోమ్ గొట్టాల తొడుగు వాడొచ్చు. ఇది తలుపుతో పాటే జరుగుతుంది, ఖాళీ చేసేటప్పుడు వెంట తీసుకెళ్లొచ్చు. సందు 15 మిల్లీమీటర్లు దాటితే పట్టీల మీద పట్టీలు అతికించడం కన్నా తలుపు దింపి, అదే మందం చెక్కబద్దను జిగురుతో, మరలతో కింద కలపడం మేలు. గుమ్మంలో గ్రానైట్ పలక వేయడం మన్నికైనదే, కాకపోతే కాలికి తగలకుండా దాని అంచు వాలుగా ఉండాలి.

వానల్లో చెక్క ఉబ్బుతుందని కింద ఎక్కువ సందు వదిలే అలవాటు ఒకటుంది. చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది గానీ నార పొడవునా దాదాపు ఉబ్బదు. తలుపు నిలువు బద్దల్లో నార నిలువుగానే ఉంటుంది కాబట్టి వానాకాలంలో తలుపు పక్కల బిగుస్తుంది, ఎత్తు పెద్దగా మారదు. కింద రాసుకుంటోందంటే చాలాసార్లు పైబందు మరలు వదులైనట్టు. చిత్రిక పట్టే ముందు వాటిని బిగించి చూడాలి. కోయక తప్పకపోతే, కోసిన అంచుకు వార్నిషో పెయింటో రెండు పూతలు వేయాలి. ఫ్లష్ డోర్ అయితే కింది బద్ద దాటి కోస్తే లోపలి పూరకం బయటపడి, తుడిచే నీళ్లు అక్కడి నుంచే ఎక్కుతాయి.