సీసాలో నీళ్లు, అప్లికేషన్‌లో ప్రశ్న

ఉక్కు నగరంలో చదువుకుంటున్నాం కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. బొగ్గుని గాలి తగలకుండా దాదాపు 1,000 డిగ్రీల దాకా వేడి చేస్తే కోక్ వస్తుంది. ఆ పనిలో వచ్చే వాయువుని చల్లబరిచి శుభ్రం చేసినప్పుడు మిగిలే నీటిలో ఫినాల్, అమ్మోనియా, సైనైడ్, థయోసైనేట్ ఉంటాయి. ఆ నీటిని శుద్ధి చేసే ట్యాంకుల్లో అసలు పని చేసేది మోటార్లు కాదు, బ్యాక్టీరియా. మనకి విషమైన ఫినాల్ వాటికి తిండి.

ఈ బ్యాక్టీరియా ఎవరు? ఎండాకాలంలో ఒకలా, వానాకాలంలో ఒకలా ఎందుకు పనిచేస్తాయి? పోయిన ఏడాది మేం నలుగురం ఇదే ప్రాజెక్టుగా తీసుకున్నాం. ఒక ఫ్యాక్టరీ వాళ్ల అనుమతితో నాలుగు సీసాల నీళ్లు తెచ్చి హాస్టల్ ఫ్రిజ్‌లో పెట్టాం. మధ్యలో కరెంటు పోయింది. ఐదు రోజుల తర్వాత డీఎన్‌ఏ తీస్తే ముక్కలు ముక్కలుగా వచ్చింది. సీక్వెన్సింగ్ కోసం పెట్టిన అప్లికేషన్ కూడా తిరిగొచ్చింది. అందులో ఒకటే మాట: "మీ ప్రశ్న ఏమిటి?" ఆ దెబ్బతో నేర్చుకున్నవే ఇవి. మీకు ఆ ఏడాది వృథా కాకూడదనే రాస్తున్నా.

ముందు ఏ పరీక్ష కావాలో తేల్చుకోండి

సీక్వెన్సింగ్ అంటే డీఎన్‌ఏలోని ఎ, టి, జి, సి అక్షరాల వరుసని చదవడం. ఇందులో మనకి పనికొచ్చే దారులు రెండు. మొదటిది 16ఎస్ జన్యువుని మాత్రమే చదివించడం. దాని పొడవు సుమారు 1,500 అక్షరాలు, అన్ని బ్యాక్టీరియాల్లోనూ ఉంటుంది. ఖర్చు తక్కువే, కానీ ట్యాంకులో ఎవరున్నారో మాత్రమే చెబుతుంది. రెండోది షాట్‌గన్ మెటాజీనోమిక్స్. ఇందులో దొరికిన డీఎన్‌ఏ అంతా చదువుతారు. ఫినాల్‌ని విరగ్గొట్టే ఎంజైముల జన్యువులు ఉన్నాయో లేదో, అంటే వాళ్లేం చేయగలరో తెలుస్తుంది. ఖర్చు, కంప్యూటర్ పని రెండూ ఎక్కువ. ఒక్క మాటలో చెప్పాలంటే మొదటిది హాజరు పట్టీ, రెండోది బయోడేటా. హాజరు పట్టీతో సరిపోయే ప్రశ్నకి బయోడేటాలు అడగొద్దు.

ఎక్కడ అడగాలి?

మన దేశంలో ఏ సంస్థలో ఏ యంత్రం ఉందో వెతుక్కోవడానికి ఐ-స్టెమ్ పోర్టల్ ఉంది. 2020 జనవరిలో మొదలైంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ లాంటి పెద్ద జన్యు పరిశోధన సంస్థా ఉంది. విదేశాల్లో చూస్తే అమెరికా ఇంధన శాఖ నడిపే జాయింట్ జీనోమ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. మానవ జీనోమ్ ప్రాజెక్టు కోసం 1997లో పుట్టి, 5, 16, 19 క్రోమోజోములు చదివిన సంస్థ. ఇప్పుడు దాని దృష్టి ఇంధనం, పర్యావరణం మీద. ప్రపోజల్ ఎంపికైతే సీక్వెన్సింగ్‌కి డబ్బు తీసుకోరు. అయితే పోటీ ఉంటుంది, మనుషుల జబ్బుల మీద ప్రాజెక్టులు అక్కడ కుదరవు, వచ్చిన డేటా తర్వాత అందరికీ తెరిచి పెడతారు. ఇలాంటి చోట స్టూడెంట్ ఒంటరిగా కాకుండా గైడ్ పేరుతో, కాలేజీ ద్వారా వెళ్లడమే మంచిది.

ప్రపోజల్‌లో ఏం రాయాలి?

మా మొదటి అప్లికేషన్‌లో "ట్యాంకులోని సూక్ష్మజీవుల అధ్యయనం" అని రాశాం. అది టాపిక్, ప్రశ్న కాదు. తిరగరాసింది ఇలా: "ఫినాల్ మోతాదు పెరిగినప్పుడు దాన్ని విరగ్గొట్టే జన్యువులున్న బ్యాక్టీరియా వాటా పెరుగుతుందా?" దీనికి అవును, కాదు అని జవాబు ఉంది. ఏది వచ్చినా ఉపయోగమే.

దాని వెంటే లెక్క వచ్చింది. లోపలికొచ్చే నీరు, ట్యాంకులోని బురద, బయటికెళ్లే నీరు, ఒక్కో చోట మూడేసి శాంపిళ్లు, మొత్తం 9. ఏమీ కలపని ఖాళీ శాంపిల్ ఇంకొకటి. మన చేతుల నుంచో, కిట్ నుంచో వచ్చిన డీఎన్‌ఏని పట్టించేది అదే. డేటా వచ్చాక ఎవరు, ఏ కంప్యూటర్ మీద విశ్లేషిస్తారో కూడా రాయండి. చాలామంది మర్చిపోయేది ఇదే.

శాంపిల్, అనుమతి

నీటిని అక్కడికక్కడే 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టి, ఫిల్టర్‌ని ఐస్‌లో పెట్టి తెచ్చి, ల్యాబ్‌లో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచాలి. తేదీ, సమయం, ఉష్ణోగ్రత, పీహెచ్, కరిగిన ఆక్సిజన్ అప్పుడే రాసుకోవాలి. తర్వాత గుర్తుచేసుకుని రాసిన అంకె అంకె కాదు.

స్టీల్ ప్లాంట్‌లోకైనా, పోర్టులోకైనా సీసా పట్టుకుని సీఐఎస్‌ఎఫ్ గేటు దాటి వెళ్లిపోలేం. లెటర్ ముందే కావాలి. శాంపిల్ దేశం దాటాలంటే ఇంకో గేటు ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం సూక్ష్మజీవులూ మన జీవ వనరులే. వాటిని విదేశీ సంస్థకి పంపేముందు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నియమాలు చూసుకోవాలి. ఇది కాగితాల గొడవలా అనిపిస్తుంది. కానీ మన నేల నుంచి దొరికిన ఎంజైముతో రేపు ఎవరైనా వ్యాపారం చేస్తే అందులో మనకీ వాటా ఉండాలి కదా, ఆ చట్టం ఉన్నది అందుకే.

రెండో అప్లికేషన్ పంపాం, జవాబు ఇంకా రాలేదు. వచ్చేలోపు మేం కాలేజీ వదిలేస్తాం. ల్యాబ్ ఫ్రీజర్ రెండో అరలో 10 ట్యూబులు, పక్కన నీలం అట్ట నోట్‌బుక్ ఉన్నాయి. జూనియర్లూ, అవి ఇక మీవే. ఫ్రీజర్ ప్లగ్గు మాత్రం ఎవర్నీ తియ్యనివ్వకండి.