కార్నియా – ఒక ఆచార్యుని జీవితకృషి

కంటి నల్లగుడ్డుకు ముందు, గడియారానికి అద్దం వలె అమరియున్న పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. మధ్యభాగంలో దీని మందం సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. అయినను కంటికి గల కాంతిని కేంద్రీకరించే శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు దీనిదే. దీనిలో రక్తనాళాలు లేవు. ప్రాణవాయువును ముఖ్యంగా గాలి నుండి కన్నీటి పొర ద్వారాను, పోషణను కంటి లోపలి ద్రవం నుండియు గ్రహిస్తుంది. లోపలివైపున ఒకే వరుసగా ఉండే కణాలు నీటిని నిరంతరం తోడివేస్తూ ఉండడం చేతనే ఇది నిర్మలంగా ఉంటుంది. ఈ కణాలు నశిస్తే వాటి స్థానంలో కొత్తవి పుట్టవనే చెప్పవచ్చు. వాటి సంఖ్య మరీ తగ్గితే కార్నియా ఉబ్బి, మసకబారుతుంది.

ఈ కణాలను గూర్చి పరిశోధించిన వారిలో మన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు ఒకరు. 1945లో కృష్ణా జిల్లాలో జన్మించిన ఆయన గుంటూరు వైద్య కళాశాలలో వైద్యవిద్యను, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో నేత్రవైద్యాన్ని అభ్యసించారు. 1974లో అమెరికా వెళ్ళి, బోస్టన్‌లోను, రోచెస్టర్‌లోను కార్నియా వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొంది, రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులయ్యారు. తరువాత ఆ పదవిని వదలి స్వదేశానికి మరలివచ్చి, 1987లో హైదరాబాదులో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థను నెలకొల్పారు. ఇందుకు స్థలాన్ని, విరాళాన్ని ఇచ్చినది చలనచిత్ర దర్శక నిర్మాత ఎల్.వి.ప్రసాద్ గారి కుటుంబం.

1996–2000 మధ్య ఈ సంస్థ ఆంధ్రప్రదేశ్‌లో 10,293 మందిని పరీక్షించగా, అంధత్వం 1.84 శాతమని తేలింది. అందులో 44 శాతానికి శుక్లాలు, 16 శాతానికి దృష్టిదోషాలు కారణం. అనగా, చాలామందికి కావలసినది ఒక చిన్న శస్త్రచికిత్స, లేదా ఒక కళ్ళజోడు! పట్టణంలో ఎంత గొప్ప ఆసుపత్రి ఉన్నను, అక్కడికి రాలేనివారికి దాని వలన ఏమి ప్రయోజనం? అందుచేత సేవలను గోపురం వలె అమర్చారు. అడుగున 50 వేల జనాభాకు ఒక దృష్టి కేంద్రం, దానిపై 5 లక్షలకు ఒక శస్త్రచికిత్సా కేంద్రం, ఆపైన 50 లక్షలకు ఒక పెద్ద ఆసుపత్రి, శిఖరాన బోధన, పరిశోధన జరిపే ప్రధాన సంస్థ. దృష్టి కేంద్రాలలో శిక్షణ పొందిన స్థానిక యువతీయువకులే పరీక్షలు చేస్తారు. 2002లో ఆయనను పద్మశ్రీ వరించింది.

ఖతార్‌లోని మనకు ఇందులో పాఠం ఉన్నది. తీవ్రమైన ఎండ, ధూళి వలన కార్నియా పైకి కండ పెరగవచ్చు. బయట పనిచేసే సోదరులు రక్షణ కళ్ళద్దాలు మానరాదు. మధుమేహం గలవారు చూపు బాగున్నను ఏడాదికొకసారి రెటీనా పరీక్ష చేయించుకోవలెను. చివరగా ఒక మనవి.  ఒకరు కార్నియాను ఇస్తే మరొకరికి చూపు. మరణానంతరం సాధారణంగా ఆరు గంటలలోగా దానిని సేకరించవలెను. కనుక నేత్రదాన సంకల్పాన్ని కాగితంపై వ్రాయడంతో సరిపెట్టక, స్వగ్రామంలోని కుటుంబసభ్యులకు కూడా నేడే తెలియజేయుదము.