పన్నెండు గంటల గుంపు

1. తలలు లెక్కపెడితే రద్దీ తెలియదు. ఉస్మానియాలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ ముందు వందమంది నడుస్తున్నా ఎవరూ లేనట్టే ఉంటుంది. కరోనా మొదటి ఏడాది, 2020 సెప్టెంబరులో మెట్రో మళ్ళీ మొదలయ్యాక తార్నాక స్టేషన్ లిఫ్టులో నా వెనకే ముగ్గురు ఎక్కారు. గుండె గుభేలుమంది.

2. జనం ఎక్కడ ఆగుతారో చూసుకోవాలి. 2020 మార్చిలో మూతపడ్డ సాలార్‌జంగ్ మ్యూజియం మళ్ళీ తెరిచాక మనవరాలిని తీసుకెళ్ళాను. పరేడ్ గ్రౌండ్స్‌లో రైలు మారి, ఎంజీబీఎస్‌లో దిగి, ఆటోలో మూసీ దాటాం. గదులన్నీ బోసిగా ఉన్నాయి. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్న మేలిముసుగు రెబెకా విగ్రహం దగ్గర కూడా వచ్చినవాళ్ళు ఓ నిమిషం చూసి కదిలిపోతున్నారు. "తాతయ్యా, ఈవిడ మాస్కు మొహం నిండా పెట్టుకుంది" అంది పిల్ల. అక్కడ భయం వెయ్యలేదు.

గడియారం దగ్గర వేసింది. కుక్ అండ్ కెల్వీ వారి ఆ గడియారంలో కమ్మరి బొమ్మ సెకనుకో సుత్తి దెబ్బ వేస్తుంటాడు. గంటగంటకూ గడ్డం బొమ్మ బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతాడు. మధ్యాహ్నం పన్నెండుకి పన్నెండు దెబ్బలు, అందుకని అందరికీ అప్పుడే కావాలి. అప్పటిదాకా ఎడంఎడంగా కూర్చున్న పెద్దమనుషులు కాసేపట్లో గంట కొడుతుందనగా ఫోన్లు పైకెత్తి లేచారు. వెనకవాళ్ళకు కనపడక ముందుకు తోసుకొచ్చారు. ఎవరో నా చెవి పక్కనే దగ్గారు. పిల్ల చెయ్యి పట్టుకుని వెనక్కి వచ్చేశాను. పన్నెండు దెబ్బలూ విన్నాం, బొమ్మను చూడలేదు. తార్నాక చేరేదాకా పిల్ల అలక తీరలేదు.

3. ముక్కు కిందికి జారిన మాస్కు ఒక్కటి కనిపిస్తే పదిమంది పెరిగినట్టే ఉండేది.

4. ఇది చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది. మనవాళ్ళు పదిమంది కలిసి తిరిగితే కుటుంబం, పక్కవాళ్ళు పదిమంది వస్తే గుంపు. రెండోసారి కొడుకు, కోడలు, వియ్యాలవారితో వెళ్ళినప్పుడు మమ్మల్ని చూసి ఒక పెద్దాయన గోడవారకు జరిగాడు. నా వయసే ఉంటుంది. మనసు చివుక్కుమంది. అయినా ఆయన చేసింది సబబే.

5. శుక్రవారం మ్యూజియానికి సెలవు. మిగతా రోజుల్లో పదకొండు కాకముందే గడియారం ముందు కూర్చోండి. తగ్గేది ఒక్క దెబ్బే, కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.