ముదురు కాయలు - కుమ్ము నిప్పు

ఫాల్గుణమాసము వచ్చుసరికి పెరటితోట కళ తప్పును. కార్తికమున నవనవలాడిన వంగమొక్కల ఆకులు పసుపువారును. కాయలు చిన్నవై, తోలు మందమై, లోపల గింజలు గట్టిపడును. ఎండ ముదిరినకొలది టమాటాపూత రాలిపోవును. అంతకు ముందు పట్టిన కాయలు కొన్ని దోరగానే నిలిచిపోవును. తీగ వాడిన చిలగడదుంపల మడిని త్రవ్వుటయు ఆ దినములలోనే. బావినీరు అడుగంటుచుండగా ఈ మొక్కలకు ఇంకను నీరు పోయుట దండుగ యని గృహస్థులు వానిని పెరికివేయుదురు. అప్పుడు చేటలో మిగిలిన చివరి కాపును ఏమి చేయవలెను?

కూరకు లేతకాయ కావలెను. ముదురు వంకాయను తరిగి నూనెలో వేయించినచో తోలు సాగును, గింజలు పంటికి తగులును. అట్టి కాయకు తగినది మంట కాదు, కుమ్ము. కుమ్మనగా మంట ఆరిన పిదప పొయ్యిలో మిగిలిన నిప్పులును, వానిని కప్పియున్న వేడి బూడిదయును. గ్యాసుపొయ్యి వచ్చిన పల్లెటిండ్లలో సైతము పలుచోట్ల స్నానమునకు నీరు కాచు కట్టెలపొయ్యి పెరటిలో నుండును. దాని కుమ్ము తరచుగా ఊరకయే చల్లారిపోవుచుండును.

ఒక పల్లెలో ఇట్టి ఒక ఉదయమున ఒక బాలిక చివరి కాపును కుడితిగోలెములో వేయబోయెను. చేటలో నున్నవి ఎనిమిది వంకాయలు, కొన్ని దోర టమాటాలు, ఆరు చిలగడదుంపలు. వారపుసంతకు ఇంకను మూడు దినములు గడువున్నది. ఇంటిలో తినువారు ఐదుగురు.

"గేదెకు గడ్డి యున్నది గదా తల్లీ! మనకే కూర లేదు. ఇటు తెమ్ము" అని అమ్మమ్మ చేట నందుకొనెను.

బాలికకు ఉత్సాహము కలిగెను. రెండు దుంపలను మండుచున్న కట్టెలపై పెట్టి, గొట్టముతో ఊదుచు కూర్చుండెను. కొంతసేపటికి తోలు బొగ్గయ్యెను. విరిచి చూడగా లోపల పచ్చిగా, రాయివలె నుండెను.

"అమ్మమ్మా, పాడైపోయినవి!" అని ఆమె కన్నుల నీరు పెట్టుకొనెను.

"నాలుగు మిగిలినవిలే. ఈసారి ఊదకుము. మంట ఆరనిమ్ము. దుంపలను బూడిదలో పూడ్చి, నీ పని నీవు చూచుకొనుము" అని అమ్మమ్మ చెప్పెను.

ఆమె మాటకు శాస్త్రాధారము కలదు. చిలగడదుంపలో పిండిపదార్థమును చక్కెరగా మార్చు ఎంజైము ఒకటి యున్నది. దుంప లోపలి వేడి సుమారు 60 నుండి 75 డిగ్రీల సెంటిగ్రేడు వరకు నున్నంతసేపు అది చురుకుగా పనిచేయును; వేడి మిక్కిలి హెచ్చినచో చెడిపోవును. పెద్దమంటపై దుంప పైభాగము ఆ మెట్టును త్వరగా దాటిపోవును, నడిమికి వేడి చేరకమునుపే తోలు మాడును. బూడిద వేడిని మెల్లగా మాత్రమే పోనిచ్చును. అందుచేతనే కుమ్ములో మ్రగ్గిన దుంపకు అంత తీపి.

వంకాయ సంగతి వేరు. దానిలో నూటికి తొంబది పాళ్లకు పైగా నీరే. తోలు నల్లబడుచుండగా లోపలి నీరు ఆవిరియై కండను ఉడికించును. కాయయే తనకు కుండ యగును. ఆ ఆవిరికి దారి లేనిచో కాయ పగులవచ్చును. కావున కాల్చుటకు ముందు రెండుచోట్ల గాటు పెట్టవలెను. ముదురుకాయలో పురుగున్నచో ఆ గాటులోనే తెలియును. పైన కొంచెము నూనె రాచినచో తోలు సులువుగా ఊడివచ్చును.

పట్టణపు ఇండ్లలోని విద్యుత్తు ఓవెను చేయునదియు ఇట్టి పనియే. మూసిన పెట్టెలో 200 డిగ్రీల వేడికి వంకాయకు ఇంచుమించు ముప్పావుగంట, ఒక మోస్తరు దుంపకు గంట పట్టును. అయితే దానికి పొగవాసన రాదు. ఆ రుచి నెరిగినవారికి అది కొరతయే. కుమ్మునకు అంకెలు లేవు, గుర్తులే. వంకాయ తోలు ముడుతపడి కాయ కూలబడవలెను. దుంపను పట్టకారుతో నొక్కిన మెత్తగా దిగవలెను; తోలు పగిలినచోట పాకము జిగటగా ఊరవలెను. గోదావరి మండలములలో తేగలను కుండలో పేర్చి చుట్టును మంటవేసి తంపటి వేయుటయు ఈ జాతి వంటయే.

మధ్యాహ్నమునకు వంకాయలు, టమాటాలు, నాలుగు పచ్చిమిరపకాయలు కుమ్మునుండి వెలువడినవి. అమ్మమ్మ తోలు తీసి, ఉప్పు, చింతపండు, జీలకఱ్ఱ చేర్చి రోటిలో నూరెను. పచ్చి ఉల్లిపాయను చివర వేసి కచ్చాపచ్చాగా దంచెను. అది వేడి జొన్నరొట్టెలకును, అన్నమునకును సరిపోయెను. దుంపలు నాలుగే యగుటచే అమ్మమ్మ తన వంతు వలదనెను. బాలిక తన దుంపను విరిచి, పెద్ద ముక్కను ఆమె విస్తరిలో వేసెను.

తోటలో ఇంకొక వంకాయ మిగిలియుండెను. అది పూర్తిగా పసుపు రంగునకు తిరిగినది, తినుటకు పనికిరాదు. సాయంకాలము దానిని కోసి, రానున్న వానకాలపు నారుకై విత్తనము తీయుటకు వసారాలో చూరున వ్రేలాడగట్టిరి.