థలో చుక్క

రిటైరయినంక నేను పెట్టుకున్న పని ఇది. మా కథలాపూర్ ఇంట్ల అటక మీదున్న యక్షగానం పుస్తకాలను స్కాన్ చేసి, చదవొచ్చేటట్టు చేసుడు. చెర్విరాల భాగయ్య రాసినవే అందుల ఎక్కువ. పేజీకొక తీరు మరక, పేజీకొక వంకర. చేత్తోని దిద్దుకుంట కూసుంటే నా జన్మ చాలదు. స్క్రిప్టు రాసిపెడితే మూడు వందల పేజీలు బువ్వ తిని వచ్చేలోపు అయితయి. నేర్పుమని వచ్చే పోరగాండ్లకు చెప్పేవి ఇవి.

1. అసలును ముట్టొద్దు. బొమ్మలు మార్చే ఇమేజ్‌మ్యాజిక్‌ల మోగ్రిఫై అని ఒక ఆదేశం ఉంటది. ఫోల్డరు మొత్తాన్ని ఒక్క దెబ్బకు మారుస్తది. వేరే జాగ చూపెట్టకపోతే మార్చినదాన్ని పాతదాని మీదనే రాస్తది. నాకది తెల్వక అంచులు కత్తిరించే కొలత తప్పిచ్చిన. పుస్తకమంతటా ఎడమ దిక్కు అక్షరాలు పోయినయి. మళ్ల స్కాన్ చేద్దామని పుస్తకం విప్పితే వీపు కుట్టు ఊడింది. ఇప్పుడది దారం కట్టుకొని ఉన్నది. అప్పటిసంది 'అసలు' ఫోల్డరుకు ఎవరూ రాయకుండ తాళమేస్తున్న.

2. పేజీల పేర్లు 001, 002 అని పెట్టుండ్రి. లేకుంటే 1 తర్వాత 10 వస్తది, కథల రాజు పుట్టకముందే పెండ్లయితది.

3. మొదలు నాలుగు పేజీల మీద నడిపి చూడుండ్రి. మంచి పేజీలు కాదు, చెడ్డవి: నీళ్లు తాగింది ఒకటి, వెనక అచ్చు ముందటికి కనబడేది ఒకటి, బొమ్మ ఉన్నది ఒకటి, అన్నిటికన్న వంకరది ఒకటి. సిరిసిల్లల బట్టలు నేసే సాంచెల కాడ ఒక్క పోగు తెగితే పక్కనున్న మనిషి చూస్తడు. స్క్రిప్టు పక్కన ఎవరుంటరు?

4. వరుస ముఖ్యం. వంకర తీసుడు ముందు, నలుపు తెలుపు చేసుడు తర్వాత. నలుపు తెలుపు చేసినంక తిప్పితే అక్షరాల అంచులు రంపం పండ్ల లెక్క అయితయి. పేజీ మొత్తానికి ఒక్కటే గీత గీసి ఇటుది నలుపు, అటుది తెలుపు అనేది ఓట్సు పద్ధతి, 1979ది. కాగితం అంతటా ఒక్క తీరు ఉంటే అది బంగారం. నీటి మరకుంటే మూలకు మూలే నల్లగయితది. అక్కడ చుట్టుపక్కల పిక్సెళ్లను చూసి తీర్పు చెప్పే సావోలా పద్ధతి కావాలె.

ఇంకొక కిటుకు. మాది పసుపు పండే దిక్కు, పేజీల మీద పసుపు వేళ్ల ముద్రలుండుడు మామూలే. రంగుల స్కాన్ చేసి ఎరుపు పొర ఒక్కటే తీసుకుంటే పచ్చ మరక కాగితంల కలిసిపోతది, నల్ల సిరా నిలుస్తది. నీలం పొర తీసుకున్నరో, మరకే ముందుకొస్తది.

5. ఇగ చుక్కల సంగతి. మచ్చలు తుడిచే ఆదేశాన్ని గట్టిగ పెట్టి మురిసిపోయిన. పేజీలు పాల లెక్క తెల్లగున్నయి. ఒకనాడు చదువుకుంట కూసున్న. మఠం 'మరం' అయింది. కథ 'కధ' అయింది. అట్ట లోపల మా తాత రాసుకున్న ఊరి పేరు సుత కధలాపూర్. యంత్రానికి థ కడుపుల చుక్క, ఠ కడుపుల చుక్క దుమ్మే. ఇంగ్లీషుల ఐ మీది చుక్క పోయినా చదువొస్తది. మనకు చుక్క పోతే అక్షరమే మారుతది. పొల్లులు, చిన్న వత్తులు సుత సన్నగైనయి.

మందు ఏందంటే, పేజీల థ వెతికి దాని చుక్కను కొలువాలె. అర మిల్లీమీటరు లోపటి చుక్క 300 డీపీఐల అయిదారు పిక్సెళ్ల వెడల్పుంటది. తుడిచే మచ్చ దానికన్న చిన్నగ ఉండాలె. 600ల చేస్తే వెడల్పు రెండింతలయితది, చుక్కకు దుమ్ముకు తేడా తెలుస్తది. జాగ ఎక్కువ పడుతది, పట్టనీయుండ్రి.

6. తెలుపు మీద మోజు వద్దు. మనుషులు చదివేటిదైతే కొంచెం బూడిద రంగున్నా కండ్లకు సుఖమే. టెసరాక్ట్‌తోని అక్షరాలు పట్టిస్తమంటరా, అది తనంతల తనే నలుపు తెలుపు చేసుకుంటది.

7. ఏ పుస్తకానికి ఏ అంకెలు పెట్టిండ్రో ఒక ఫైలుల రాయుండ్రి. నేను మొదటి మూడింటికి రాయలే. చుక్కలు పోయినయని తెలిసినంక రెండింటిని 'అసలు' నుంచి మళ్ల చేసిన. దారం కట్టుకున్న మూడోదాంట్ల గురువులు ఇంకా మరంలనే ఉన్నరు.