పాత స్పోర్ట్స్ కారు బ్రేకు – పిస్టన్ మారిస్తే ఏమవుతుంది?

హైస్కూల్లో పాస్కల్ నియమం చెప్పినప్పుడు మాతో రెండు గొట్టాల బొమ్మ గీయించారు. సన్న గొట్టం మీద చిన్న బరువు, వెడల్పు గొట్టం మీద పెద్ద బరువు. బట్టీపట్టి రాశాం, మార్కులు వచ్చాయి, మరచిపోయాం. మాలో చాలామందిమి ఇంట్లో మొదటిసారి డిగ్రీ మొహం చూసినవాళ్ళం. ఆ బొమ్మ ఎందుకు గీయాలో ఇంటికెళ్ళి అడగడానికి ఎవరూ లేరు. ఎం.టెక్.లో మెకానికల్ చదువుతుంటే దాని అసలు సంగతి తెలిసింది. హాస్టల్ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ దాన్ని ఒక పాత కారు బ్రేకు ద్వారా చెబుతాం.

ఆ కారు అమెరికాలో జనరల్ మోటార్స్ వారి షెవర్లే కార్వెట్. 1965 మోడల్‌తో దానికి నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు వచ్చాయి. ఆ తరహా బ్రేకే 1982 మోడల్ వరకు సాగింది. కారును మేము కళ్ళతో చూడలేదు. బొమ్మలూ కొలతలూ చూసి నేర్చుకున్నాం.

చక్రంతోపాటు ఒక ఇనుప డిస్కు తిరుగుతుంది. దాన్ని ఇరువైపులా పట్టుకునే దవడ లాంటిది కాలిపర్. కార్వెట్ కాలిపర్‌లో ఒక్కో వైపు రెండేసి, మొత్తం నాలుగు పిస్టన్లు. పెడల్ తొక్కితే ద్రవం ఆ పిస్టన్లను తోస్తుంది, అవి ప్యాడ్లను డిస్కుకేసి నొక్కుతాయి. ముందు చక్రాల పిస్టన్ వ్యాసం సుమారు 47.6 మి.మీ., అంటే వైశాల్యం 17.8 చ.సెం.మీ. ద్రవం ఒత్తిడి చ.సెం.మీ.కి 50 కిలోలు అనుకుంటే, ఒక్క పిస్టన్ 890 కిలోల బరువుతో నొక్కుతుంది! రెండు గొట్టాల బొమ్మలో ఉన్నది ఇదే.

ఇక్కడే మా హాస్టల్లో పెద్ద వాదన జరిగింది. "అయితే పిస్టన్ ఇంకా పెద్దది వేస్తే బ్రేకు ఇంకా బాగా పడుతుంది కదా?" అన్నారు కొందరు. లెక్క వేసి చూశాం. 50 మి.మీ. పిస్టన్ వేస్తే బలం పది శాతం పెరుగుతుంది. కానీ అంతే దూరం కదలడానికి ద్రవం కూడా పది శాతం ఎక్కువ కావాలి. మాస్టర్ సిలిండర్ పాతదే కాబట్టి పెడల్ ఇంకా లోతుకు దిగుతుంది. అంతకన్నా ప్రమాదం మరొకటి ఉంది. వెనక పిస్టన్లు 34.9 మి.మీ. మాత్రమే. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు ఒరుగుతుంది గనుక వెనక తక్కువ బలం చాలు. వెనక పిస్టన్లు పెంచితే వెనక చక్రాలు ముందుగా పట్టేసి కారు గిర్రున తిరుగుతుంది. అందుకే తెలిసినవారు పిస్టన్ మార్చేటప్పుడు సైజు జోలికి పోరు. సీల్ అమరికను మారుస్తారు.

ఎందుకు మార్చాల్సి వచ్చిందంటే, ఈ బ్రేకుకు రెండు రోగాలున్నాయి. మొదటిది తుప్పు. మన మెకానిక్కులు బ్రేక్ ఆయిల్ అంటారు గాని అది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. చలికాలమంతా షెడ్డులో నిలిపిన కారులో ఆ తేమ పోత ఇనుము బోరును తినేసి గుంటలు పెడుతుంది. సీల్ ఆ గుంటల మీద చిరుగుతుంది, ద్రవం కారుతుంది. వాడకపోవడమే ఈ బ్రేకును ఎక్కువ చెడగొట్టింది.

రెండోది మాకు మరీ ఆసక్తి కలిగించింది. అసలు పిస్టన్ల మీద ఉన్నది పెదవి లాంటి అంచున్న సీల్. లోపలి ఒత్తిడికి విచ్చుకుని గట్టిగా ఆపుతుంది. బయటి నుంచి లోపలికి వచ్చే గాలిని మాత్రం అంతగా ఆపలేదు. పిస్టన్ వెనక స్ప్రింగు ఉంటుంది కనుక ప్యాడ్ ఎప్పుడూ డిస్కును తాకుతూ ఉంటుంది. డిస్కు మి.మీ.లో పదో వంతు వంకర తిరిగినా పిస్టన్లు చక్రం తిరిగిన ప్రతిసారీ లోపలికీ బయటికీ ఊగుతాయి. సైకిల్ పంపులాగా గాలిని లోపలికి లాగుతాయి! చుక్క కూడా కారదు, కానీ పెడల్ మెత్తబడుతుంది. కంపెనీలో డిస్కును హబ్‌కు రివెట్లు కొట్టి రెండింటినీ కలిపి చెక్కేవారు. తర్వాత రివెట్లు తీసి కొత్త డిస్కు వేసినవాళ్ళు వంకర కొలవక ఈ బాధ తెచ్చుకున్నారు.

మందు ఏమిటి? బోరును కాస్త పెద్దది చేసి స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవు దింపుతారు, లారీ ఇంజనుకు లైనర్ వేసినట్టే. లోపలి కొలత మళ్ళీ పాత 47.6కే తెస్తారు. పెదవి సీల్ పిస్టన్ల బదులు ఓ-రింగు పిస్టన్లు వేస్తారు. గుండ్రటి రింగు రెండు వైపులా ఒకేలా ఆపుతుంది. అయినా మా దృష్టిలో తొలి పని డిస్కు వంకరను డయల్ గేజితో కొలవడమే. ఓ-రింగు గాలిని ఆపుతుంది గాని డిస్కు వంకర తీయదు.

విప్పేటప్పుడు బిగుసుకున్న పిస్టన్‌ను గాలి ఒత్తిడితో తీస్తారు. ఎదురుగా చెక్క ముక్క పెట్టాలి, వేళ్ళు పెట్టకూడదు. కాలిపర్ రెండు సగాల మధ్య ద్రవం దారిలో ఉండే చిన్న రింగులు కూడా కొత్తవే వేయాలి. కడగడానికి బ్రేక్ ద్రవం లేదా స్పిరిట్ వాడాలి. కిరోసిన్, పెట్రోలు తగలనివ్వకూడదు.

ఈ చివరి మాట మేము దెబ్బ తిని నేర్చుకున్నది. మాలో ఒకరి సెకండ్ హ్యాండ్ బైకు ముందు డిస్క్ బ్రేకును ఒక ఆదివారం హాస్టల్ వరండాలో విప్పాం. కిరోసిన్‌తో తళతళలాడేలా కడిగాం, పాత సీల్‌నే మళ్ళీ వేశాం. నూనెలకు ఆ రబ్బరు ఉబ్బుతుందని అప్పటికి తెలియదు. మర్నాడు పిస్టన్ వెనక్కి రాలేదు. ప్యాడ్ ఒరుసుకుని వేడెక్కి, మలుపు దగ్గర చక్రం పట్టేసింది. నెమ్మదిగా వెళుతున్నాడు కాబట్టి మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయింది. వెనకాలే వస్తున్న బస్సు ఆగింది. ఆ రాత్రి మెస్సులో ఎవరమూ మాట్లాడుకోలేదు.

బిగించాక గాలి తీయడం ఆఖరి పని. కార్వెట్‌కు ముందు కాలిపర్లకు ఒక్కో నిపుల్, వెనక వాటికి లోపల ఒకటి, బయట ఒకటి, మొత్తం ఆరు. బయటి దాన్ని అందుకోవాలంటే చక్రం విప్పాలి. బద్ధకించి దాన్ని వదిలేసినవాళ్ళే మర్నాడు మళ్ళీ జాకీ ఎత్తుతారు.